గాలికి మైల లేదు

మైథిలి ల్యాప్‌టాప్‌ను పాత నూలుచీర ముక్కలో చుట్టి సంచిలో పెట్టింది. పక్కన చార్జరు, దాని తీగ విరగకుండా వదులుగా చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. తరువాత మౌసు, నీళ్ళ సీసా. పెరుగన్నం డబ్బా మూత మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి, కారదని నమ్మకం కుదిరాక దాన్ని వేరే బట్టసంచిలో వేసింది. వంటింటి గడప మీద నిలబడి కమలవల్లి ఇదంతా చూస్తోంది. ఇంట్లో ఎవరు సంచి సర్దుకుంటున్నా ఆమెకు చేతిలో పని సాగదు. వెళ్ళేది నంద్యాలకే అయినా, సాయంత్రానికి తిరిగొచ్చేదే అయినా, కోడలితో పాటు తనూ వెళ్తున్నా సరే.

మైథిలి జడ అల్లుకోవడానికి అద్దం వైపు తిరగగానే కమలవల్లి చప్పుడు కాకుండా సంచి జిప్పు తీసి, మౌసు తీసుకుని వెళ్ళి పోపులపెట్టె వెనక పెట్టింది. ఎవరు ప్రయాణమైనా వాళ్ళ సామానులోంచి ఏదో ఒకటి ఇంట్లో ఉంచేసుకుంటుంది ఆమె. దువ్వెనో, చేతిరుమాలో, పాత కళ్ళజోడో. ఉండిపోయిన వస్తువు మనిషిని వెనక్కి పిలుస్తుందని ఆమె నమ్మకం.

వసారాలో చిన్న అద్దం ముందు నామం దిద్దుకుంటున్న కృష్ణస్వామి తల తిప్పకుండానే అన్నాడు.

"బాగా చూపించుకోని రండి. మన నెట్ బాక్సులో ఏ తప్పూ లేదని కేబుల్ ప్రవీణ్ రెండుసార్లు వచ్చి చెప్పిపోయినాడు కదా. ఆ మిషన్‌దే తప్పు."

"చూపిస్తాం మామయ్యా," అంది మైథిలి.

మైథిలి ఆళ్ళగడ్డలో ఆ ఇంట్లో కూర్చునే హైదరాబాదు ట్యూషన్ కంపెనీ ఒకదానికి పనిచేస్తోంది. సాయంత్రం పూట ల్యాప్‌టాప్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. పాఠం మధ్యలో నెట్ పోతోంది. రోజూ కాదు, కొన్ని రోజులే. ఆ కొన్ని రోజులకే పిల్లల తల్లిదండ్రులు కంపెనీకి చెప్పుకున్నారు. వచ్చే బుధవారం పై ఉద్యోగి ఒకామె మొదటి నుంచి చివరి దాకా కూర్చుని పాఠం చూస్తుందనీ, ఆ రోజు కూడా తెగితే తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తామనీ కబురు వచ్చింది. మైథిలికి ఉన్నది ఆ ఒక్క తరగతే.

బస్సు సిరివెళ్ళ దాటాక మైథిలి సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కుంది.

"మౌసు ఏదత్తా?"

"ఇంట్లో ఉంది. మళ్ళీ పోవాల కదా మనం."

"మీరు నా పక్కనే కూర్చోనుండారు. అది ఎవర్ని వెనక్కి పిలుస్తాది? ఇద్దర్నీనా?"

మైథిలి నవ్వింది. కమలవల్లి మాత్రం కిటికీలోంచి నీళ్ళు నిలిచిన వరిమళ్ళను చూస్తూ ఉండిపోయింది.

నంద్యాల బస్టాండు దగ్గర ఒక సందులో ఎడ్విన్ దుకాణం. గోడ మీద చర్చి క్యాలెండరు, దాని కింద విప్పి పెట్టిన కంప్యూటర్ల గుట్ట. ఎడ్విన్ ల్యాప్‌టాప్ తెరిచి, పాత కనెక్షన్ పేరు చెరిపేసి, తన దుకాణం నెట్ తగిలించి, వీడియో ఒకటి పెట్టి వదిలేశాడు. వేరే పని చేసుకుంటూ మధ్యమధ్యలో దాని వైపు చూశాడు. అత్తాకోడళ్ళు పెరుగన్నం తిని చేతులు కడుక్కొని వచ్చేదాకా ఆ వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఈడ బాగనే ఉంది మేడం. ఇంట్లో యాడ కూర్చుంటారు?"

"హాల్లో," అంది కమలవల్లి, మైథిలి నోరు తెరిచేలోపు.

"ల్యాప్‌టాప్ పట్టుకోని ఇల్లంతా తిరగండి. యాడ సిగ్నల్ గీతలు తగ్గుతాయో ఆడ ఉన్నట్టు తప్పు."

"తిరగొచ్చు. అన్ని రోజులూ తిరగలేను," అంది మైథిలి.

ఎడ్విన్‌కు అర్థం కాలేదు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "రోజూ పోదా అయితే? ఏ రోజుల్లో పోతాది? ఆ రోజుల్లో ఇంట్లో ఏం మారతాది?"

మైథిలి అత్త వైపు చూసింది. మారేది ఏమిటో ఇద్దరికీ తెలుసు. నెలలో బయట ఉండే ఆ నాలుగు రోజులూ ఆ ఇంటి ఆడవాళ్ళు హాల్లోకి, వంటింట్లోకి రాకూడదు. పెరట్లో నీళ్ళతొట్టికి అవతల రాతిగోడల గది ఒకటుంది. చాపా కంచమూ అక్కడే, పడకా అక్కడే. నెట్ బాక్సేమో హాల్లో, పూజ జరిగే పెరుమాళ్ళ గది పక్క గూట్లో ఉంది. మధ్యలో మందపు గోడలు, ఇత్తడి గంగాళాలు పేర్చిన వంటిల్లు, ఆ వెనక పెరడు.

"వాన," అంది కమలవల్లి. "వాన పడిన రోజుల్లో పోతాది నాయనా."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఎడ్విన్ మాత్రం దాన్ని నమ్మాడు. "చెమ్మ పట్టింటాది," అని ల్యాప్‌టాప్ బోర్లించి మరలు విప్పి, ఏ మూలవి ఆ మూలకే వచ్చేలా ఒక మూతలో వరసగా పేర్చాడు. లోపలి నుంచి బిస్కెట్ ముక్కంత నెట్ కార్డు ఒకటి తీశాడు. దానికి తగిలించిన నల్లతీగ, తెల్లతీగ గోటితో ఊడదీసి, బ్రష్షుతో తుడిచి, వెచ్చటి గాలి పట్టాడు. అదీ చాలదని కార్డే మార్చేశాడు. "ఇంక ఎంత వాన పడినా ఏం కాదమ్మా," అన్నాడు. వాళ్ళు బయటికి వచ్చేసరికి ఎండ కాస్తోంది.

తిరుగు బస్సు సిరివెళ్ళ దాకా వచ్చింది.

"వాన అన్నారే," అంది మైథిలి చివరికి.

"మగపిల్లోడు. ఇంకేం చెప్పమంటావు?"

"నేను చెప్పేదాన్ని. ప్రవీణ్ వచ్చినప్పుడు మామయ్య హాల్లో బల్ల చూపించి, ఈడ కూర్చుంటాది అన్నారు. ఈ ఎడ్విన్ వానకు మందేసినాడు. కడుపునొప్పని పోయి డాక్టరుకు కాలు చూపించినట్టుంది మన పని." సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "సరేలెండి. కొత్త కార్డు కదా. ఆ గదిలో కూడా పట్టుకుంటాదేమో. అసలు ఆ నాలుగు రోజులు బుధవారం దాటి వస్తే ఏ బాధా లేదు."

బుధవారం దాటి రాలేదు. మంగళవారం పొద్దున పెరట్లోంచి "అత్తా" అన్న పిలుపు వినగానే కమలవల్లి చేతిలో చేట అలాగే ఆగిపోయింది. లోపలికి వచ్చి పిలిచే పిలుపు కాదు అది.

చాప, దుప్పటి, కంచం, చెంబు తీసుకెళ్ళి బట్టలుతికే బండ మీద పెట్టి వెనక్కి జరిగింది. ల్యాప్‌టాప్ కూడా అలాగే పెట్టి వెనక్కి జరిగితే మైథిలి వచ్చి తీసుకుంది. బట్టలూ గిన్నెలూ అయితే నాలుగోరోజు తడిపి లోపలికి తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌ను తడపకూడదు కాబట్టి దాని మీద తులసిదళం తిప్పితే చాలని కృష్ణస్వామే ఒక దారి చూపాడు. అప్పట్లో కోడలి ఉద్యోగం కోసం ఆయన అంత దూరం వచ్చాడని కమలవల్లి సంతోషపడింది.

కొత్త కార్డు ఆ గదిలో ఒక గీత చూపించింది, తరువాత ఏమీ చూపించలేదు, మళ్ళీ ఒక గీత. మైథిలి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర, కిటికీ కింద, గోడవార, ప్రతిచోటా కూర్చుని చూసింది. పెరట్లోకి వస్తే రెండు గీతలు. పక్కింటి డాబా మీదనుంచి కోతులు దిగి వచ్చేసరికి ల్యాప్‌టాప్‌ను కొంగుతో కప్పుకుని లోపలికి పరుగెత్తింది. ఫోన్‌లోని నెట్ కూడా ఆ రాతిగోడల మధ్య అంతే. చివరికి ప్రవీణ్‌కు తనే ఫోన్ చేసి రమ్మంది.

కేబుల్ నెట్ ప్రవీణ్ భుజాన నిచ్చెనతో వచ్చాడు. హాల్లో నిలబడి పెరట్లో ఉన్న మైథిలితో వంటింటి మీదుగా మాట్లాడాడు.

"ఆ గదికి వైరు వెయ్యన్నా," అంది మైథిలి.

"ఓస్, ఇంతేనా. రెండుసార్లు వస్తి, ఆ గది మాట ఒక్కరన్నా చెప్తిరా? హాలు చూపిస్తిరి, హాలు చూస్తి. రేపు అటకెక్కి చూడమంటే అదీ చూస్తా."

కృష్ణస్వామి కుర్చీలోంచి లేచాడు. "వైరు ఏ దోవన పోతాది?"

"ఈ గూట్లోంచి, ఆ పెరుమాళ్ళ గది గోడెంబడి, వంటింట్లోకి. ఆన్నుంచి పెరట్లోకి."

"వద్దు."

"కంటికి కనపడకుండా క్లిప్పులు కొడతా స్వామీ."

"కనపడేదాని గురించి కాదప్పా. ఆ కొస ఆ పిల్ల చేతిలో ఉంటాది. ఈ కొస పెరుమాళ్ళ గోడకుంటాది. తగిలినట్టే."

ప్రవీణ్ తల గోక్కున్నాడు. "మరి ఇప్పుడు గాల్లో వస్తాండేది కూడా ఈన్నుంచి ఆడికే కదా స్వామీ పోతాండేది."

"గాలికి మైల లేదు."

"గాలి చాల్లేదనే కదా స్వామీ నన్ను పిలిచింది."

అది వేళాకోళమో మామూలు మాటో కృష్ణస్వామికి తెలియలేదు. కాసేపు ఆలోచించి, ఇల్లు ముట్టకుండా వీధిలోంచి పక్క సందు మీదుగా పెరట్లోకి తిప్పడానికి వీలుంటుందా అని అడిగాడు. ఉంటుంది కానీ దానికి పొడుగు వైరు కావాలనీ, నంద్యాల నుంచి తెప్పించాలనీ, శుక్రవారం అవుతుందనీ ప్రవీణ్ చెప్పాడు. "శుక్రవారమే వెయ్యి," అన్నాడు కృష్ణస్వామి, పెద్దమనసు చేసుకున్నవాడిలా.

తరువాత పెరట్లో మైథిలి ఫోన్ స్పీకరు పెట్టి మొగుడితో మాట్లాడటం కమలవల్లికి వినిపించింది. త్రివిక్రమ్ ఆ వారమంతా అహోబిలంలో కోవెల వంటశాలలో ఉన్నాడు. "నాన్నతో నేనెట్లా చెప్పేది మైథిలీ," అంటున్నాడు. "ఈ ఒక్కసారికి సెలవు పెట్టు." సెలవు పెట్టినా తెగినట్టే లెక్క అని ఆమె నెమ్మదిగా చెప్పింది. అవతల గిన్నెల చప్పుడే వినిపించింది.

పొద్దు వాలే వేళకు మైథిలి పెరట్లో నిలబడి మామగారిని పిలిచింది.

"మామయ్యా, హాల్లోకి రానులే. వంటింటి వెనక వసారాలో కూర్చుంటా. ఒక్క పాఠం. గడప దాటను."

"రేపు ఆండాళ్ తల్లి తిరునక్షత్రం," అన్నాడు ఆయన. అమ్మవారు పుట్టిన రోజు, ఇంట్లో పెద్ద పూజ.

"ఆమె కూడా ఆడపిల్లే కదా మామయ్యా."

కృష్ణస్వామి కోప్పడలేదు. లోపలికి వచ్చి కూర్చుని, పైపంచె కొసను వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ చాలాసేపు ఉన్నాడు. తరువాత భార్యతో మెల్లగా అన్నాడు.

"నాకు తెలీకనా కమలా? మా అమ్మ ఆడనే ఉండింది. నువ్వు ఆడనే ఉంటివి. ఇప్పుడు నేను సరే అంటే, మీరంతా ఆ గదిలో ఊరికే ఉన్నట్టు కదా."

ఆ గది అంటే కమలవల్లికి ద్వేషం లేదు. తనకు చదువు వచ్చింది అక్కడే. గూళ్ళలో పరిచిన పాత వార్తాపత్రికల మీద అక్షరాలను వేలితో దిద్దుతూ, తలుపు సందులోంచి పడే వెలుతురు జరిగే కొద్దీ తనూ జరుగుతూ, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఇంత మేలు చేసిన గది పిల్లకు ఏం కీడు చేస్తుందిలే అని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇన్నాళ్ళు ఊరికే ఉన్నావా అని మాత్రం ఎవరూ తనను అడగలేదు.

బుధవారం తెల్లవారగానే కృష్ణస్వామి కోవెలలో దివ్యప్రబంధం పాటలు చదవడానికి అహోబిలం వెళ్ళాడు. కమలవల్లి మడి కట్టుకుని చక్కెరపొంగలి వండి, పెరుమాళ్ళకు ఆరగింపు చేసింది. మైథిలికి అన్నం బండ మీద పెట్టి వస్తూ చూస్తే, ఆమె గదిలో ఇటుకలు పేర్చి, వాటి మీద పీట, పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, కిటికీకి ఎదురుగా, రాతిగోడ కనపడకుండా తెల్లదుప్పటి కట్టుకుంటోంది. ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. ముతక చీర పైట మడతలు చేత్తో సాపుచేసి, తెరలో చక్కగా కనిపించేలా వేసుకుంది.

సాయంత్రం పాఠం మొదలయింది. కమలవల్లి వంటింట్లో కూర్చుని విన్నది. భిన్నాలు చెబుతోంది మైథిలి. రొట్టెను నాలుగు ముక్కలు చేస్తే, ఒక ముక్క అన్నయ్య తింటే. మధ్యలో గొంతు ఆగింది. "పిల్లలూ, వినపడుతోందా?" మళ్ళీ మొదలయింది. మళ్ళీ ఆగింది. "నేను మీకు కనిపిస్తున్నానా? మేడం, ఒక్క క్షణం." ఆ మాటలు అంటున్నప్పుడు మైథిలి గొంతు కమలవల్లికి కొత్తగా వినిపించింది. బస్సు దాటిపోతుంటే వెనక చెయ్యి ఊపే మనిషి గొంతులా ఉంది.

కమలవల్లి లేచింది. హాల్లోకి వెళ్ళి గూట్లో బాక్సు ముందు నిలబడింది. దాని ఒంటి మీద పచ్చదీపాలు మిణుకుమంటున్నాయి. దాని వెనక గోడకు, ప్రవీణ్ మొదటిసారి వచ్చినప్పుడు చుట్టి వదిలిన బాక్సు వైరు మిగులు చుట్ట మేకుకు వేలాడుతోంది. ఆ చుట్ట విప్పితే వంటింటి దాకా వస్తుందని ఆమెకు అనిపించింది. పెరుమాళ్ళ గది వైపు చూసింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. చుట్ట విప్పింది. బాక్సును రెండు చేతులా ఎత్తుకుని, గోడవెంట వైరు వదులుకుంటూ వంటింట్లోకి వచ్చింది. కరెంటు తీగ చాలక గూట్లోంచి ఊడి వచ్చింది. పరవాలేదు, మిక్సీకి పెట్టిన ప్లగ్గు ఉంది కదా అనుకుంది. మిక్సీ పీకి దాన్ని పెట్టింది. పెరటి తలుపు బార్లా తెరిచి, బాక్సును గడప మీద పెట్టి చూసింది.

పచ్చదీపాలు ఆరిపోయి ఉన్నాయి. ఒకటే ఎర్రగా వెలిగింది.

పెరటి గదిలో పాఠం ఆగిపోయింది. "పిల్లలూ," అంది మైథిలి. కాసేపాగి, "మేడం," అంది.

అంతసేపూ ఆగి ఆగి అయినా నడుస్తున్న దాన్ని తానే ఆర్పేశానని కమలవల్లికి అప్పుడు అర్థమయింది. బాక్సు దగ్గర కూలబడి దాని మీద చెయ్యి వేసి కూర్చుంది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు. ఎర్రదీపం ఆరింది. ఒక పచ్చదీపం వెలిగింది. అది కాసేపు మిణుకుమన్నాక ఇంకొకటి వెలిగింది. అన్నీ వెలిగేసరికి పెరటి బండ మీద ఎండ కూడా పోయింది.

మైథిలి గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. గడప మీద బాక్సును, దాని పక్కన అత్తను చూసింది. చేతిలో ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసుకుంది.

"అన్ని గీతలూ వచ్చినాయత్తా," అంది. "ఈ గదిలో నిండుగా రావడం ఇదే మొదలు."

"పాఠం?"

"నన్ను తీసేసినారు. ఆ మేడమే మిగతాది చెప్తాంది." ల్యాప్‌టాప్ మూసింది. "ఇంతేనా అత్తా. ఇంత దూరమే."

మైథిలి లోపలికి వెళ్ళి దుప్పటి విప్పి మడతపెట్టింది. ఇటుకలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి తొట్టి పక్క పెట్టింది.

కృష్ణస్వామి తిరిగి వచ్చేసరికి బాక్సు ఇంకా వంటింటి గడప మీదే ఉంది. ఆయన దాన్ని చూశాడు, మిక్సీని చూశాడు, భార్య ముఖం చూశాడు. బాక్సు తీసుకెళ్ళి గూట్లో పెట్టి, వైరును మళ్ళీ చుట్ట చుట్టి మేకుకు తగిలించాడు. "వంటిల్లు కడిగి మళ్ళీ వండు," అన్నాడు. కమలవల్లి వంటిల్లు కడిగింది. తలమీద నుంచి నీళ్ళు పోసుకుని మళ్ళీ వండింది. పొంగలి మిగిలిందంతా తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెడితే కోతులు తినిపోయాయి.

శుక్రవారం అన్న మాట ప్రకారం ప్రవీణ్ పొడుగు వైరుతో వచ్చాడు. వీధిలోంచి పక్క సందు మీదుగా ఇల్లు ముట్టకుండా తిప్పి, పెరటి గదిలో కొత్త బాక్సు బిగించాడు. "ఇంక చూస్కోండి, ఎట్లా వస్తాదో," అన్నాడు. కృష్ణస్వామి పెరట్లోకి వచ్చి నిలబడి, దీపాలన్నీ పచ్చగా వెలగడం చూసి తల ఊపాడు.

"వైరు వచ్చింది కదమ్మా. ఇంకో కంపెనీలో అడిగి చూడు," అన్నాడు కోడలితో. అంతకంటే మెత్తగా మాట్లాడటం ఆయనకు చేతకాదు.

"వచ్చింది మామయ్యా," అంది మైథిలి. "ఆ గదికి వచ్చింది."

ఆమె తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చింది. వంట చేసింది, మామగారికి వడ్డించింది. ల్యాప్‌టాప్ మీద తులసిదళం తిప్పడానికి ఆయన వస్తే, పరవాలేదు అని తీసి సంచిలో పెట్టుకుంది. తనతో చదువుకున్న సౌజన్య అనే స్నేహితురాలు నంద్యాలలో ట్యూషన్లు నడుపుతోందనీ, లెక్కలు చెప్పేవాళ్ళు కావాలందనీ, ఆడపిల్లల హాస్టల్లో చోటుందనీ చెప్పింది. త్రివిక్రమ్ ఫోన్‌లో సరేనన్నాడు. కోవెల పని తగ్గాక వచ్చి కలుస్తానన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె సంచి సర్దుకుంటుంటే కమలవల్లి వంటింటి గడప మీద నిలబడలేదు. వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. చీరలు మడత పెట్టి అందించింది. చార్జరు తీగను వదులుగా చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. అద్దం దగ్గర ఉన్న దువ్వెన, దండెం మీది తువ్వాలు, కిటికీలో ఉన్న తలనూనె సీసా తెచ్చింది. అన్నీ అయ్యాక లేచి, పోపులపెట్టె వెనక చెయ్యి పెట్టి మౌసు తీసింది. దాని మీద పడిన పసుపు కొంగుతో తుడిచి సంచిలో పెట్టి, జిప్పు చివరంటా లాగింది.

మైథిలి ఆమె చేతి వైపే చూస్తూ ఉంది.

"ఏమీ ఉంచుకోలేదే అత్తా."

"లేదు," అంది కమలవల్లి. "అన్నీ పెట్టినా. పో."

బస్టాండుకు ఆమె ఒక్కతే వెంట వెళ్ళింది. కిటికీ పక్క సీటు దొరికింది మైథిలికి. బస్సు కదిలేటప్పుడు చెయ్యి బయటపెట్టి అత్త వేళ్ళను పట్టుకుని వదిలింది.

మైథిలి మళ్ళీ ఆళ్ళగడ్డకు రాలేదు. ఆమె వెళ్ళింది రెండువేల ఇరవై నాలుగు, శ్రావణమాసంలో మొదటి ఆదివారం.